పోస్టు రాక ఎంత హాయో

ఈ సాయంత్రం బిలాస్‌పూర్ యార్డులో డ్యూటీ దిగి క్వార్టర్‌కి వచ్చేసరికి, మా అమ్మాయి తలుపు దగ్గరగా వేసుకుని స్నేహితురాలితో ఫోన్‌లో మాట్లాడుతోంది. "పోస్టు రాక ఎంత హాయిగా ఉందో, యార్!" అన్న మాట నా చెవిన పడింది.

రైల్వే పరీక్ష రాసి ఫలితం కోసం చూస్తున్న పిల్ల. పోస్టు రాకపోతే హాయేమిటి? బూట్లు కూడా విప్పకుండా తలుపు తోశాను.

"పోస్టు రాలేదేటే? మాకెందుకు చెప్పలేదు?"

అది పడీపడీ నవ్వింది. "రాక కాదు నాన్నా, రాక్! పోస్ట్ రాక్. అదొక రకం మ్యూజిక్. బస్, ఒక్కసారి విను చాలు" అంటూ ఇయర్‌ఫోన్ నా చెవిలో పెట్టింది.

గిటారు ఒకటి మెల్లగా మోగుతోంది. పాడేవాళ్లు వస్తారని చూశాను, రాలేదు. ఏదో దాస్తున్నారనిపించింది. తర్వాత డ్రమ్ములు కలిశాయి. లోడు గూడ్సు బరువుగా కదిలి, వేగం అందుకుని వంతెన ఎక్కినట్టు చెవులు అదిరిపోయాయి. నిజం చెప్పొద్దూ, ఒళ్లు జలదరించింది.

"బాగుందే. మరి పాటెప్పుడు మొదలవుద్ది?"

"అయిపోయింది నాన్నా. ఇందులో మాటలుండవు. అందుకే నాకిష్టం, ఏమీ అడగదు."

ఆ చివరి ముక్క దగ్గర నాకు మళ్లీ అనుమానం పట్టుకుంది. భోజనాల దగ్గర బ్యాండ్ల గురించి అరగంట చెప్పింది. ఫలితం ఊసెత్తితే మాత్రం వంచిన తల ఎత్తకుండా పప్పు కలుపుకుంది.

మీ పిల్లలూ ఇవే వింటున్నారా? వింటుంటే కాస్త చెప్పండి. మా ఇంట్లో రాక్ సంగతి తేలింది గానీ, రాక సంగతే తేలలేదు.