సిస్టరమ్మతో నా పోట్లాట

ఆదివారం పొద్దున ఎల్లారెడ్డి నుంచి ఫోన్ వచ్చింది, సిస్టరమ్మ చనిపోయిందని. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల కోసం కాథలిక్ సిస్టర్లు నడిపే బడికి ఆమే పెద్ద. నా కూతురు తొమ్మిదేళ్లు ఆమె దగ్గరే చదువుకుంది. ఆ తొమ్మిదేళ్లలో మేమిద్దరం ప్రేమగా మాట్లాడుకున్న రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

మొదటి రోజే గొడవ. పదకొండేళ్ల కూతురికి అన్నం కలిపి నోట్లో పెడుతుంటే నా చేతిలోని పళ్లెం లాగేసుకుంది.

"పిల్లకు చేతులున్నయి గదా! నువ్వెన్నేండ్లు బతుకుతవ్?"

కేరళ నుంచి వచ్చిన మనిషి, తిట్టడం మాత్రం మా యాసలోనే నేర్చుకుంది. ఆ మాట నాకు శాపనార్థంలా తగిలింది. వారం రోజులు ఆమె ముఖం చూడలేదు.

మా మరిది పెళ్లిలో అసలు రచ్చ జరిగింది. చుట్టాల ముందు నామోషీ అని కూతురిని వెనక గదిలో ఉంచి గొళ్లెం పెట్టాను. భోజనానికి వచ్చిన సిస్టరమ్మ "పిల్ల ఏది?" అంటూ నేరుగా లోపలికి పోయి గొళ్లెం తీసింది. చెయ్యి పట్టుకుని తెచ్చి బంతిలో తన పక్కన కూర్చోబెట్టుకుంది.

"సిగ్గుపడాల్సింది ఈ పిల్లను జూసి కాదు, నిన్ను జూసి" అంది అందరి ముందూ.

"మా ఇంటి ముచ్చట నీకెందుకు? మా పిల్లను మీ మతంల కలుపుకుందామని వచ్చినవా?" అని అరిచాను. అది నేను నమ్మిన మాట కాదు. ఆమె మనసు నొప్పించాలని అన్నాను. ఆమె నా కూతురి విస్తరిలో ఇంకో లడ్డూ వేయించి, అది తినేదాకా కూర్చుని వెళ్లిపోయింది.

కూతురిని బడి మాన్పించాను. అది మాత్రం రోజూ పొద్దున్నే యూనిఫాం తనే వేసుకుని, గుండీలన్నీ సరిగ్గా పెట్టుకుని, రోడ్డు మీద వ్యాను కోసం నిలబడేది. ఆ గుండీలు నేర్పడానికి సిస్టరమ్మకు ఏడాది పట్టింది. నెలన్నర చూసి, తల వంచుకుని మళ్లీ తీసుకెళ్లాను.

"నెలన్నర పాడుజేసినవ్" అంది. అంతే. క్షమించానని ఆమె అనలేదు, క్షమించమని నేను అడగలేదు.

అంత్యక్రియలకు కామారెడ్డి నుంచి పెద్దమనుషులు పూలదండలతో వచ్చారు. వాళ్లలో ఒకాయన పిల్లల్ని చూసి, "వీళ్లను జర వెనకకు నిలబెట్టుండ్రి, లొల్లి జేస్తరు" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "పోయింది వీళ్ల తల్లి. నువ్వే వెనకకు జరుగు" అన్నాను.

ఆయన జరిగాడు. నా కూతురు ముందుకు వెళ్లి పిడికెడు మట్టి వేసి, పక్కకు తప్పుకుని నిలబడింది. దాని వెనక మిగతా పిల్లలు, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని, మెల్లగా వరుసలో కదిలారు. ఒక్కరు కూడా తోసుకోలేదు.