పంతులమ్మ స్టేజీ దాకా

వారానికి ఒక్కరోజు కాపురం మాది. నేను విశాఖపట్నం రేవులో గుమాస్తాను. మా ఆవిడ సుగుణ చోడవరం అవతల ఒక చిన్న పల్లెలో బడి పంతులమ్మ. చోడవరంలో అద్దె గదిలో ఉంటూ రోజూ బస్సులో బడికి వెళ్లొస్తుంది. శనివారం సాయంత్రం మా ఇంటికి వస్తుంది, సోమవారం తెల్లవారకుండానే వెళ్లిపోతుంది. రెండేళ్లుగా ఆమె రావడమే గాని నేను వెళ్లింది లేదు. మొన్న శుక్రవారం సెలవు పెట్టి బయలుదేరాను. జేబులో ఆమె బదిలీ దరఖాస్తు ఉంది. కాళ్లావేళ్లా పడి బడుల పై అధికారిని ఒప్పించాను, ఇక ఆమె సంతకం ఒక్కటే తక్కువ. అది పడితే మా ఇంట్లో రోజూ రెండు కంచాలు.

వాల్తేరులో ఉదయం ఆరున్నర పాసింజరు ఎక్కితే ఎనిమిదికల్లా అనకాపల్లి. అక్కడినుంచి చోడవరానికి బస్సు, ఆరణాలు. గానుగలు ఆడే రోజులు కాబట్టి దారంతా బెల్లం వాసనే. చోడవరంలో దిగి, వడ్డాది మీదుగా మాడుగుల వెళ్లే బస్సెక్కి, కండక్టరుకు పల్లె పేరు చెప్పాను.

"ఆ పేరున స్టేజీ లేదు బాబూ. పంతులమ్మ స్టేజీకేటి?" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది, కాస్త గర్వమూ వేసింది. రెండణాలిచ్చి డ్రైవరు వెనక కూర్చున్నాను. నేనెవరో చెప్పకుండా, ఆ పేరెలా వచ్చిందని డ్రైవర్ని అడిగాను.

"మునుపక్కడ బస్సు ఆగేది కాదండి. ఆయమ్మ రోజూ ఎల్తది, వస్తది. టిక్కట్టు గేరంటీ అని మా ఓనరుగారు ఆపమన్నారు. తరవాత ఆయమ్మే ఓనరుగారితో మాటాడి, కూరగాయల తట్టలు టాపు మీదెక్కించే ఏర్పాటు సేయించింది."

"ఆవిడకి బదిలీ అయితే?"

"తట్టలోళ్లు ఓ రోజుంతారు, ఓ రోజుండరు. ఇంకక్కడ ఆపడానికి మాకేటి పని బాబూ," అన్నాడు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

పదిన్నరకు దిగాను. రోడ్డు మలుపులో రెండు తాటాకు పాకలు. ఒకదాంట్లో దర్జీ మిషను తొక్కుతున్నాడు, రెండోది పైడమ్మ ఇడ్లీకొట్టు. బడి విడిచేదాకా ఆగాలి కదా అని అక్కడే కూర్చున్నాను. అణాకు రెండిడ్లీలు, అల్లం పచ్చడి. వేడివేడిగా బావున్నాయి.

"పంతులమ్మకి మంచినీళ్లిద్దారని కుండెట్టుకుని కూకునేదాన్ని. బస్సాగుతందని మరో నలుగురొచ్చేరు, ఇడ్లీ ఏసేను," అంది పైడమ్మ. ఎదురుగా వంకాయల తట్టలతో ఆడవాళ్లు బస్సు కోసం చూస్తున్నారు. ఇదివరకు వాళ్లు చోడవరం దాకా నెత్తిన మోసుకుపోయేవారట. వాడిపోయిన కాయ ఎవరు కొంటారు, సగం పశువులకే. ఇప్పుడు చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్నాయి కనక రవికలు కుట్టించుకుంటున్నారు. దర్జీ వచ్చింది అందుకేనట.

"ఆయమ్మని పెనిమిటి పట్నం తీసుకుపోతాడని అనుకుంతన్నారు బాబూ. తప్పేటుంది, పెళ్లాన్ని పిలుసుకోడా? మరి మా గతేటి, అదే బెంగ."

నేనే ఆ పెనిమిటినని చెప్పలేకపోయాను.

నాలుగున్నరకు సుగుణ వచ్చింది. నన్ను చూసి అలాగే నిలబడిపోయింది. పైడమ్మకు సంగతి అర్థమై పాకలోకి తప్పుకుంది. దరఖాస్తు ఇచ్చాను. సుగుణ రెండుసార్లు చదివింది.

"నా జాగాలో ఎవర్నేస్తారు?"

"ఎవర్నీ వెయ్యరట. పిల్లల్ని పక్కూరి బడిలో కలిపేస్తారట."

"నాకు మాత్రం రోజూ మీ దగ్గరుండాలని ఉండదా? కలం ఇవ్వండి, పెట్టేస్తాను," అంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"మరిచిపోయి వచ్చాను," అన్నాను. చొక్కా జేబుకు కలం ఆమె ఎదటే వేలాడుతోంది. సుగుణ దాన్ని చూసింది, నన్ను చూసింది, కాగితం మడిచి అదే జేబులో పెట్టింది.

ఇద్దరం ఒకే సీట్లో చోడవరం దాకా వచ్చాం. ఆమె గదికి వెళ్లిపోయింది, మర్నాడు రేవులో పని ఉంది కనక నేను అనకాపల్లి బస్సెక్కాను. ఒక మనిషి జీతం ఒక ఇంటికే అనుకునేవాణ్ణి. ఆ మలుపులో ఎన్ని పొయ్యిలు ఆమె ఉద్యోగం మీద వెలుగుతున్నాయో చూశాక, నా ఇంటి పొయ్యి కోసం వాటిని ఆర్పలేకపోయాను. అలాగని గొప్పవాణ్ణేం కాను. నాకు సుగుణ కావాలి, రోజూ కావాలి. బస్సులో నా పక్కనున్న ఖాళీ సీటు మీద చెయ్యి వేసుకుని వచ్చాను.

అటు వెళ్లేవారికి ఒక్క మాట. పైడమ్మ ఇడ్లీలు తినాలంటే ఆదివారం తప్ప ఏ రోజైనా వెళ్లండి. ఆదివారం అక్కడ బస్సు ఆగదు. ఆ రోజు పంతులమ్మ మా ఇంట్లో ఉంటుంది.