కుండ కింద తడి ఇసుక

ఎనభైల నాటి మాట. అప్పుడు మేం రెంటచింతలలో ఉండేవాళ్లం. మా కుక్క మోతీ వీధికుక్కలతో కొట్లాడి రోజూ గాయాలతో వస్తుంటే, మా ఆయన దాన్ని మాచర్ల తీసుకెళ్లి విత్తులు తీసే ఆపరేషన్ చేయించారు.

"కుక్కకు ఆపరేషనేందే, చోద్యం కాకపోతే!" అని పక్కింటి మస్తాన్‌బీ పిన్ని నవ్వింది. పది రోజులు కుట్లకు తడి తగలనీయవద్దని పశువుల డాక్టరు గారు చెప్పి పంపారు.

అది మే నెల. మోతీ నాలుక వేలాడేసి రొప్పుతుంటే నాకు మనసాగలేదు. మంచినీళ్ల కుండ కింది తడి ఇసుకలో గుంట చేసి పడుకోబెట్టాను. వేసవిలో మా కోళ్లు కూడా అక్కడే సేదదీరేవి. ఒంటి మీద నీళ్లు పోయడం లేదుగా అనుకున్నాను.

నాలుగో రోజు అది అన్నం ముట్టలేదు. పక్కకు తిప్పి చూస్తే కుట్లు ఊడి, పుండులో పురుగులు మెసులుతున్నాయి. బస్సులో ఎక్కనివ్వలేదు. పిన్ని కొడుకు మోపెడ్ నడిపితే, దాన్ని ఒళ్లో పెట్టుకుని మాచర్ల దాకా ఏడుస్తూనే వెళ్లాను.

"తడి తగలనీయొద్దని చెప్పా గదమ్మా!" అన్నారు డాక్టరు గారు.

మోతీ బతికింది. కానీ మళ్లీ ఆ కుండ దగ్గరికి రాలేదు. పిలిస్తే తోక ఊపుకుంటూ ఇసుక అంచు దాకా వచ్చి ఆగిపోయేది. ఎంత ఎండలోనైనా గడప దగ్గరే పడుకునేది. ఏ రొప్పు వినలేక ఆ పని చేశానో, అది ఉన్నన్నాళ్లూ ప్రతి వేసవిలో ఆ రొప్పే వింటూ కూర్చున్నాను.