ఎడమ బొటనవేలు నాది

మా బావ పదకొండేళ్ళు వరికోత మిషను నడిపాడు. టైర్ల బండి దిగబడే తడి పొలాల్లోకి ఆయన చైను మిషను వెళ్ళేది. నరసన్నపేట నుంచి కోటబొమ్మాళి దాకా, సీజనులో రోజుకి పద్నాలుగు గంటలు సీటు దిగేవాడు కాదు. అలాంటి మనిషి డయాలసిస్ కుర్చీలో నాలుగు గంటలు కూర్చోలేకపోయాడు. ఎందుకని అడిగితే, "కదలని సీటురా అది," అన్నాడు.

మా వైపు కిడ్నీలు పాడైతే కొందరు నీళ్ళంటారు, కొందరు ఒళ్ళు నొప్పుల బిళ్ళలంటారు. బావకి ఏ కారణమూ చెప్పలేదు. వారానికి మూడుసార్లు రమ్మన్నారు.

నాకు రాజాంలో చదివిన ఇంజనీరింగు పట్టా ఉంది, ఉద్యోగం లేదు. కాబట్టి ఆయన వెంట వెళ్ళడానికి ఇంట్లో నన్ను మించిన అర్హుడు దొరకలేదు. అక్క నాకు అప్పగించిన పని ఒక్కటే. బావ రెండున్నర గంటలకే కాళ్ళు పీకుతున్నాయని సూదులు తీయించుకుని లేచిపోతున్నాడు. అలా లేచిన ప్రతిసారీ కొంత నీరు ఒంట్లో మిగిలిపోతుందని, అది ఊపిరితిత్తుల్లో చేరితే ఇక సెంటరుకి తీసుకురావలసిన పని ఉండదని డాక్టరు చెప్పాడు.

"నాలుగ్గంటలూ కూకోబెట్టరా. ఏటి సేస్తావో నాకు తెల్దు," అంది అక్క.

నేను చేసింది ఫోనులో ట్యాంకుల ఆట పెట్టడం. ఆట ఉచితమే. ఇటు ఏడుగురు, అటు ఏడుగురు, ఏ దేశాలవాళ్ళో, ఎదురుపడితే కాల్చుకోవడమే. ఒక్కో ఆట ఆరేడు నిమిషాలు. మొదటి రోజు బావ పక్కచూపు చూసి ఊరుకున్నాడు. రెండోసారి నా ట్యాంకు చైను తెగి మైదానం మధ్యలో ఆగిపోయింది.

"ఎదర అంత గట్టున్నాదా, దాని మీంచి అడ్డంగా ఎక్కిస్తే తెగదేటి?" అన్నాడు. అలా ఆయన ఆటలోకి దిగాడు.

చిక్కేమిటంటే ఆ ఆటకి రెండు బొటనవేళ్ళు కావాలి. ఎడమది బండి తోలుతుంది, కుడిది గురి చూసి పేలుస్తుంది. బావ ఎడమ చెయ్యి రెండు సూదులతో చాచి ఉండేది. వంచితే డయాలసిస్ మిషను అరుస్తుంది. అందుకని ఫోను ఆయన ఒళ్ళో దిండు మీద పెట్టి, కుడిపక్క ఆయన, ఎడంపక్క నేను. పదకొండేళ్ళు బండి తోలినవాడు తుపాకీ పట్టాడు. స్కూటరు కూడా స్థిరంగా నడపలేనివాడు ట్యాంకు తోలాడు.

"ఎనక్కి లాగు. ఎనక్కిరా. అదిగో, గెడ్డలో ఏసేసినావు."

ట్యాంకు నీళ్ళలో మునిగిపోయేది. పక్క కుర్చీలో డయాలసిస్ చేయించుకునే పెద్దాయన రోజూ, ఇవాళ కూడా మునిగిందా అని అడిగేవాడు. ఒకరోజు ఆ కుర్చీలో వేరే మనిషి ఉన్నాడు. మేం ఎవరినీ అడగలేదు. ఆట మొదలుపెట్టాం.

మూడు నెలలు బావ నాలుగు గంటలకి ఒక్క నిమిషం ముందు కూడా లేవలేదు.

సూదులు గుచ్చడానికి వీలుగా ఆయన ఎడమ చేతిలో రెండు రక్తనాళాలు కలిపి కుట్టారు. అక్కడ తాకితే లోపల గుర్రుమంటుంది. ఆ గుర్రు ఆగితే ఆ చెయ్యి ఇక డయాలసిస్‌కి పనికిరాదు. రోజూ పొద్దున్నే అక్క అరచెయ్యి పెట్టి చూసేది. ఇంజను ఆన్‌లో ఉన్నాదా అని బావ అడిగేవాడు. ఉన్నాదని చెప్పి అక్క వంటింట్లోకి వెళ్ళేది.

ఒకరోజు సెంటరులో మూడో గంటలో బావ ఆవులించాడు. కాసేపటికి మళ్ళీ ఆవులించాడు. విసుగొచ్చిందనుకున్నాను. విసుగొస్తే లేస్తాడు. గబగబా ఇంకో ఆట మొదలుపెట్టాను. సగంలో మా తుపాకీ పేలడం మానేసింది. "పేల్చు బావా," అంటూ నేను తోలుతూనే ఉన్నాను. తల తిప్పి చూసేసరికి ఆయన మెడ ఓ పక్కకి వాలిపోయి ఉంది.

నర్సు పరుగున వచ్చి కుర్చీ వెనక్కి వాల్చి, కాళ్ళు ఎత్తించి, సెలైన్ వదిలింది. బీపీ పడిపోయిందంది. ఆవులింతలు వచ్చాయా అని అడిగింది. రెండొచ్చాయన్నాను. ఆవులిస్తే పిలవమని మొదటి రోజే చెప్పాను కదా అంది. ఆమె ఏదో చెప్పిన మాట నిజమే. అప్పుడు నేను ఆట డౌన్‌లోడ్ చేస్తున్నాను.

మర్నాడు పొద్దున్న అక్క అరచెయ్యి పెట్టింది. కొంచెం పైకి జరిపింది. కిందికి జరిపింది. బావ ఇంజను సంగతి అడగలేదు.

"ఒరే, నువ్వు సూడు," అంది నాతో.

చూశాను. అందరి చేతుల్లాగే ఉంది.

ఇలా జరగడానికి చాలా కారణాలుంటాయని, బీపీ పడిపోవడం వాటిలో ఒకటని డాక్టరు చెప్పాడు. మిగతావి నేను శ్రద్ధగా వినలేదు. ఇంటికొచ్చాక అక్కకి ఆవులింతల సంగతి చెప్పాను. ఆమె బియ్యం ఏరడం ఆపలేదు.

"నాలుగ్గంటలు కూకోబెట్టమన్నాను. కూకోబెట్టినావు," అంది. ఆ తర్వాత ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు. ఎత్తితే బాగుండేది.

బావకి మెడలో గొట్టం పెట్టారు. దానితో రెండు చేతులూ ఖాళీ అయ్యాయి. మొదటిసారి ఆయన ఒక్కడే ఫోను పట్టుకున్నాడు. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని చూశాను. ట్యాంకు గట్టు వారగా, నెమ్మదిగా, పంట తొక్కకుండా వెళ్తున్నట్టు వెళ్ళింది. నీళ్ళ దరిదాపులకి కూడా పోలేదు. ఆట గెలిచాడు. గెలిచి, ఫోను మళ్ళీ దిండు మీద పెట్టి, ఎడంపక్క నావైపు జరిపాడు.

"తోలు. ఒక్కడినే ఆడితే ఎవుల్ని తిట్టాల?"

ఇప్పుడు ఆయన ఆవులిస్తే నేను వెంటనే వేలు తీసేసి నర్సుని పిలుస్తాను. మొన్న అలాగే పిలిచాను. మైదానంలో ఆగిన మా ట్యాంకు రెండు దెబ్బలకే తగలబడింది. బీపీ చూస్తే మామూలుగానే ఉంది.

"నిద్రొచ్చి ఆవులించినా బండి కాల్పించేస్తావేటిరా," అన్నాడు బావ.

మెడ గొట్టం ఎక్కువకాలం ఉంచకూడదట, చీము పడుతుందట. ఎడమ చేతిలో ఇంక పనికొచ్చే నరం లేదట. వచ్చే వారం కుడి చేతికి కుడతారు. అది నిలబడితే కుడి చెయ్యి సూదులకి పోతుంది, ఎడమ చెయ్యి మిగులుతుంది. అప్పుడు తోలడం ఆయనది, పేల్చడం నాది. నిలబడకపోతే ఏమిటని మేం అడగలేదు. డాక్టరూ తొందరపడి చెప్పలేదు.

నేను ఇంట్లో కుడి బొటనవేలితో గురి నేర్చుకుంటున్నాను. ప్రస్తుతానికి ఎక్కువగా గోడలకే తగులుతోంది.