మెడలు కాపాడిన మాస్టారు ఖాదర్ బాషా

ఖాదర్ బాషా మాస్టారు ఇక లేరన్న వార్త మొన్న శుక్రవారం షార్జా నుంచి ఫోనులో వచ్చింది. ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక టైర్ల గోదాములో, రేకుల కప్పు కింద, మండుటెండ వేళ సరుకు దింపుతూ కుప్పకూలిపోయారట. దుఃఖం కంటే ముందు ఆగ్రహం వచ్చింది. వ్యాయామవిద్యలో పట్టభద్రుడు, క్రీడాకారులను తీర్చిదిద్దిన ఆచార్యుడు టైర్లు మోయడమేమిటి? ఆ గతి పట్టించిందెవరు?

ఆయన స్వస్థలం నెల్లూరు. దుబాయ్‌లో మా కంపెనీ వ్యాయామశాలకు శిక్షకుడిగా వచ్చారు. వచ్చాక ఇక్కడి అమెరికన్ ఇంజనీర్లతో ఆడి, వాళ్ల ఫుట్‌బాల్ నేర్చుకున్నారు. అది కాలితో తన్నే ఆట కాదు. బంతిని చేతబట్టి ఎదుటివారిని తోసుకుపోయే ఆట. కంపెనీ జట్టు కట్టినప్పుడు అకౌంట్స్‌లో కూర్చునే నన్ను ముందు వరుసకు ఎంపిక చేసింది ఆయనే.

జయాపజయాలు బంతి కదలకముందే, నిలిచే భంగిమలోనే నిర్ణయమవుతాయని ఆయన సిద్ధాంతం. వెనకవాళ్లు మోకాళ్లు కాస్త వంచి నిలబడాలి. ముందు వరుసవాళ్లు రెండు పాదాలతోపాటు ఒక చేతి వేళ్లు నేలకు ఆనించి, వీపు బల్లపరుపుగా వంగాలి. చాలాకాలం మాకు బంతే ఇవ్వలేదు.

"ఏంది సామీ, చేతి మీద అంత బరువేస్తే లేచేదెట్టా? వేళ్లు ఊరికే తగలాల. తల మాత్రం దించబాక, మెడ ఇరిగిపోద్ది" అనేవారు.

ఇది మా ముదీర్‌కు నచ్చలేదు. ప్రకటనల ఫొటోల్లో మేము తలలు దించి, కుమ్మబోయే కోడెల్లా కనబడాలన్నాడు ఆ మేనేజరు. మ్యాచ్‌లోనూ అలాగే దూకాలన్నాడు.

"ఫొటో మీది సార్. మెడలు వీళ్లవి" అన్నారు మాస్టారు.

"ఖలాస్! రేపట్నుంచి నువ్వు గ్రౌండులో దిగొద్దు."

తొలి మ్యాచ్‌లో ముదీర్ ఆజ్ఞాపించిన భంగిమలోనే దూకాను. తల ఎదుటివాడి తుంటికి కొట్టుకుంది. పడిపోయాను, చేతులు ఉన్నాయో లేవో తెలియలేదు.

"లేపండి, యల్లా! గెస్టులు చూస్తున్నారు" అని ముదీర్ అరిచాడు.

ప్రేక్షకుల్లోంచి మాస్టారు పరుగున వచ్చి, మోకరిల్లి, నా తలను రెండు చేతుల మధ్య కదలకుండా పట్టుకున్నారు. "అంబులెన్స్ వచ్చేదాకా ఎవురూ ముట్టుకోబాకండి!" అని గర్జించారు. ముదీర్ భుజం పట్టి లాగినా వదల్లేదు. మెడ ఎముక చిట్లిందనీ, కదిలించి ఉంటే జీవితాంతం మంచం పట్టేవాణ్ణనీ తర్వాత డాక్టరు చెప్పాడు.

నేను ఆసుపత్రిలో ఉండగానే, క్రమశిక్షణ లేదన్న నెపంతో మాస్టారి వీసా రద్దు చేశారు. ప్రాణదాతకు దక్కిన సత్కారమది! వీసా పూచీ పడే మరో కఫీల్ కోసం తిరిగి తిరిగి, చివరికి ఆ గోదాములో చేరారు.

నిన్న సంతాపసభలో అదే ముదీర్ ఆయన ఫొటోకు దండ వేసి "మా కుటుంబ సభ్యుడు" అన్నాడు. ఆయన పేరిట కప్పు పోటీ పెడతానన్నాడు. ఎంత నిస్సిగ్గు! "ఆ కప్పుకు నేను ఆడను" అని లేచాను. మా జట్టు ముందు వరుసవాళ్లంతా నాతోపాటు బయటికి నడిచారు.

మెట్రో స్తంభాలు లేస్తున్న దారిలో శవపేటిక వెంట విమానాశ్రయానికి వెళ్లాం. శిక్షకులు ఎందరైనా వస్తారు. మా కోసం తన అన్నాన్ని వదులుకునే అలాంటి గురువు మాకిక లేరు. అశ్రునయనాలతో సలాం చేశాం.

నెల్లూరు వెళ్లబోతున్న ఆయన తమ్ముడు మహబూబ్ నా చెయ్యి పట్టుకున్నాడు. "ఎట్టా పోయినాడని భాబీ అడిగితే ఏం చెప్పేదన్నా?"

"ఎండకు పోయాడని మాత్రం చెప్పకు మహబూబ్. ఆ ఎండలోకి ఎవరు తోశారో చెప్పు."