కూర్మన్నపాలెం షెడ్డులో ఆరు కంప్యూటర్లు

మధ్యాహ్నం 13:40కి దువ్వాడలో రైలు దిగాను. మే నెల. వీపున కిట్ బ్యాగు, చేతిలో పనిముట్ల పెట్టె, జేబులో ఆర్డరు కాగితం. నలభై రోజుల డ్యూటీ. తుపాన్ల కాలం కాబట్టి తీరం వెంబడి చిన్న పోస్టులు రేడియోలో పంపే వాతావరణ కబుర్లను అందుకుని, కంప్యూటర్లో ఎక్కించి, పైకి పంపాలి. ఆ కంప్యూటర్లు ఆగకుండా చూడటం నా పని. అప్పటికి నేను సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో నాయక్‌ని, టెక్నీషియన్‌ని.

మీ సివిల్ వాళ్ళకి సైనికుడంటే మంచుకొండ, తుపాకీ. అవి లేకుండా ఏం చెప్పినా ఆవులిస్తారు. ఆవులించండి. నా చేతిలో ఉన్నది స్క్రూడ్రైవరు.

పోస్టు కూర్మన్నపాలెం అవతల ఒక రేకుల షెడ్డు. ఒక పక్క నుంచి ఉప్పుగాలి, ఇంకో పక్క నుంచి నల్లటి దుమ్ము. ఆరుగురం మనుషులం, ఆరు కంప్యూటర్లు. మధ్యాహ్నం పన్నెండు దాటితే ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. మాకు పెద్ద సుబేదార్ సాబ్. ఆయన కనిపెట్టిన వైద్యం తడిగుడ్డ. జ్వరమొచ్చిన పిల్లలకి వేసినట్టు డబ్బాల మీద తడిగుడ్డలు కప్పించాడు. కరెంటు మీద తడిగుడ్డ! అంత సర్వీసు చేసిన బుర్ర అది. నవ్వు రాలేదు, అసహ్యం వేసింది.

మొదటి డబ్బా ఇప్పాను. ప్రాసెసర్ అంటే తపాలా బిళ్ళంత లోహపు పలక. దాని మీద వేడిని లాగేసే లోహపు దిమ్మ, ఆ పైన ఫ్యాను. పలకకీ దిమ్మకీ మధ్య కంటికి కనపడని సందులుంటాయి. వాటిని పూడ్చేందుకు ఒక పేస్ట్ రాస్తారు. ఏళ్ళు గడిస్తే అది ఎండి గోడసున్నంలా పెళుసవుతుంది. వేడి పైకి పోదు, కంప్యూటర్ తనంతట తానే ఆరిపోతుంది. ఆరింటిలోనూ పేస్ట్ గోటితో గీకితే రాలిపోయేలా ఉంది.

స్టోర్‌మన్‌కి చీటీ రాసిచ్చాను: పేస్ట్, అయిదు ట్యూబులు. మర్నాడు 10:00కి అయిదు ట్యూబులూ తెచ్చి బల్ల మీద వరసగా పేర్చాడు. పళ్ళు తోముకునే పేస్ట్. పుదీనా వాసన. ఇలాంటి వాళ్ళతోనా దేశాన్ని కాపాడేది అనుకుని తల పట్టుకున్నాను.

నేనే పూర్ణా మార్కెట్‌కి వెళ్ళాను. సందు చివర రేడియో సామాన్ల కొట్టు, కొట్లో గళ్ళ లుంగీ కట్టుకున్న ముసలి సాయిబు. అసలైన పేస్ట్ అతని దగ్గర దొరికింది. ఒక మిషన్‌కి దిమ్మ విరిగింది కాబట్టి ఫ్యానుతో సహా కొత్తది కూడా తీసుకున్నాను. సాయిబు దాన్ని తిరగేసి చూపించబోయాడు.

"బిగించేముందు అడుగున ఓపాలి సూస్కోండి సాబ్..."

నాకు తెలుసులే అని చేతిలోంచి లాక్కున్నాను. కొట్లో కూర్చుని బల్బులు అమ్ముకునేవాడు సిగ్నల్స్ వాడికి పాఠం చెప్పడమా? ఒళ్ళు మండింది.

మూడో రోజు 06:00కి మొదలుపెట్టాను. అందర్నీ చుట్టూ నిలబెట్టి మరీ చేశాను, చూసి ఏడవండని. దిమ్మని ఊడపీకకూడదు, అటూ ఇటూ మెల్లగా తిప్పి తీయాలి. పాత పేస్ట్‌ని స్పిరిట్‌లో తడిపిన నూలుగుడ్డతో పలక మెరిసేదాకా తుడవాలి. కొత్తది మధ్యలో కందిగింజంత చాలు. పప్పులో నెయ్యి కాదు. స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి. 11:30కి ఆరూ అయిపోయాయి. కొత్త దిమ్మ పెట్టింది రేడియో ఆపరేటర్ మిషన్‌కి.

ఆపరేటర్ బొబ్బిలి పక్క రైతుల బిడ్డ. నాలాగే నాయక్. ఇద్దరి పేర్లూ హవల్దార్ ప్రమోషన్ లిస్టులోనే ఉన్నాయి. నన్ను బావా అని పిలిచేవాడు. పరాయి ఊళ్ళో మన మాట మాట్లాడేవాడు దొరికాడని సంబరపడాలి. నేను మాత్రం, వీడికి దుమ్ము తుడవడం తప్ప ఏం తెలుసు అనుకున్నాను.

పంతొమ్మిదో రోజు 14:20. ఒక పోస్టు నుంచి గాలుల హెచ్చరిక వస్తూ ఉండగా అతని కంప్యూటర్ ఆరిపోయింది. కబురు నలభై నిమిషాలు ఆలస్యంగా పైకి చేరింది. మిగతా అయిదు మిషన్లు చక్కగా నడుస్తున్నాయి. సుబేదార్ సాబ్ నన్ను పిలిచి మిషన్‌లో తప్పుందా అని అడిగాడు. చూడకుండానే లేదన్నాను. నేను చేసినదాంట్లో తప్పుండదన్నాను.

మిషన్‌లో తప్పు లేకపోతే మనిషిలో ఉన్నట్టే. ఆపరేటర్ డ్యూటీలో నిద్రపోయాడని, లేచాక భయపడి స్విచ్ ఆపేశాడని సుబేదార్ సాబ్ తేల్చాడు. మర్నాడు 11:00కి విచారణ. అతని సర్వీసు పుస్తకంలో ఎర్ర సిరా పడిందంటే హవల్దార్ పట్టీ ఆశ వదులుకోవాలి, గడువు రాగానే ఇంటికి పోవాలి.

పొద్దున్నే 05:30కి నా మంచం దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"నాను నిద్దరోనేదు బావా. నా పిల్లల మీదొట్టు. దాన్ని ఓపాలి ఇప్పి సూడు."

విసుక్కుంటూనే లేచాను. అతన్ని టీ పెట్టమని పంపి డబ్బా ఇప్పాను. దిమ్మ తిప్పి తీశాను. పలక మీద పేస్ట్ తాజాగానే ఉంది. దిమ్మ అడుగున గాజులా మెరిసే ప్లాస్టిక్ పొర. గీతలు పడకుండా కంపెనీ వాడు అతికించే పొర, బిగించేముందు పీకేయాల్సింది. నేను పీకలేదు. పొరతో సహా పేస్ట్ మీద అదిమి, అందరి ముందూ బిగించాను. సాయిబు చూపించబోయింది దాన్నే. పదహారు రోజులు ఎలాగో లాగిన మిషన్ నిన్నటి ఎండకి ఆగలేకపోయింది.

పొర పీకి జేబులో కుక్కుకున్నాను. తుడిచి, కొత్త పేస్ట్ పెట్టి, బిగించేశాను. టీ వచ్చేసరికి చేతులు కడుక్కుంటున్నాను.

11:00కి విచారణలో చెప్పాను: దుమ్ము చేరి పేస్ట్ ఎండిపోయింది సాబ్, వేడికి ఆరిపోయింది, ఇతను నిద్రపోలేదు. పదహారు రోజుల్లో పేస్ట్ ఎండదు. ఆ సంగతి తెలిసినవాణ్ణి ఆ షెడ్డులో నేనొక్కణ్ణే. సుబేదార్ సాబ్ తలాడించాడు. తర్వాత రిజిస్టర్ తిరగేశాడు. వారం వారం దుమ్ము తుడిచే బాధ్యత ఎవరిదని అడిగాడు. ఆపరేటర్‌ది. నిద్ర కాదు, నిర్లక్ష్యం అని రాసుకున్నాడు.

అప్పుడైనా నోరు విప్పొచ్చు. పొర జేబులోనే ఉంది. లిస్టులో నా పేరు కూడా ఉంది. అటెన్షన్‌లో నిలబడి ఎదురుగా గోడ చూస్తూ ఉండిపోయాను. పిరికి వెధవని. కాగితం యూనిట్‌కి వెళ్ళిన నాలుగో రోజున ఎర్ర సిరా పడింది. నిర్లక్ష్యం కింద.

నలభయ్యో రోజు 12:10కి నా రైలు. నేను హవల్దార్‌నయ్యాను, ఆ పట్టీతోనే రిటైరయ్యాను. మా వీధిలో మీరందరూ హవల్దార్ గారూ అని పిలుస్తుంటే పలుకుతున్నాను.

ఆ రోజు దువ్వాడ దాకా ఆపరేటర్ వచ్చాడు. వద్దన్నా నా కిట్ బ్యాగు అతనే మోశాడు. నేనెక్కాల్సిన రైలుపెట్టె నీడ దాటి ప్లాట్‌ఫాం చివర ఆగింది. బ్యాగు సీటు కింద తోసి, కిందికి దిగి, కిటికీ ఊచలు పట్టుకున్నాడు.

"నిద్దరోయినోణ్ణి కాదని నువ్వు సెప్పబట్టే నమ్మినారు బావా. మా ఇంట్లో తలెత్తుకుంటాను. నాకది సాలు."

రైలు కదిలింది. అతను టోపీ తీసి పట్టుకుని, ఆ మండుటెండలో, కళ్ళు చికిలించుకుని, నవ్వుతూ చెయ్యి ఊపాడు. రైలుపెట్టెలన్నీ దాటిపోయినా ఊపుతూనే ఉన్నాడు.