షామీర్‌పేట ఇంట్లో ఓడ పటం

దయ్యాలంటే మా ఇంట్లో అందరికంటే ఎక్కువగా నవ్వేది నేనే. ఇప్పటికీ నమ్మను. కానీ నా బిడ్డ బతికిన రోజు చూసినదాన్ని మాత్రం లేదనలేను.

షామీర్‌పేటలో కొత్త ఇల్లు కట్టుకున్న ఏడాది అది. మా ఆయనది ప్లాట్ల వ్యాపారం. పెద్దమనుషులు వచ్చి కూర్చునే ముందుగదికి గోడంత పటం కావాలని నన్నూ అత్తమ్మనూ సికింద్రాబాదులో పటాల దుకాణానికి తీసుకువెళ్లారు.

ఆయనకు యుద్ధంలో గుర్రాలు కూలుతున్న పటం నచ్చింది. అత్తమ్మ జలపాతం ముందు నిలబడింది.

"గా జలపాతం పెడితే సెలూన్ అనుకుంటరే అమ్మా," అన్నారాయన.

"నీ కొట్లాట బొమ్మ తెస్తే ఇంట్ల దినాం పంచాయితే," అన్నది అత్తమ్మ.

నా చూపు మూడో పటం మీద ఉంది. ఎప్పుడో విదేశాల్లో నిజంగా మునిగిన ఓడ అట. ఆ కాలంలో వేసిన బొమ్మకు నకలని దుకాణదారు చెప్పాడు. నల్లని అలలు, చినిగిన తెరచాప, చిన్న పడవలో జనం. పడవ అంచున ఎర్రగుడ్డ చుట్టుకున్న ఒక ఆడమనిషి నీళ్లలోకి చెయ్యి చాపి ఉంది. ఆ చేతి కింద ఎవరూ లేరు.

"మునుగుతున్నోళ్ల బొమ్మనా? ఏం బుద్ధే నీది!" అని అత్తమ్మ కసిరింది. ఏడుపు బొమ్మలు ఇంట్లో పెట్టకూడదని ఆమె పట్టింపు.

"అందరు ఏడుస్తున్నరు గని గామె ఏడుస్తలేదత్తమ్మా. ఎవర్నో తీస్తాంది."

మా ఆయన నవ్వారు. "ఇల్లు కట్టినప్పుడు గూడ ఒక్కటడగలే నువ్వు. తీస్కో."

ఆ ఎండాకాలం ఒక పొద్దున ట్యాంకరు వచ్చి వాకిట్లో నేల కింది నీళ్ల సంపు నింపి పోయింది. ముందుగదిలో మనుషులున్నారని చాయ్ పళ్లెం పట్టుకుని వెళ్లాను. అలవాటుగా పటం వైపు చూశాను. ఆమె చేతి కింద, నీళ్లలోంచి ఒక చిన్న చెయ్యి పైకి వచ్చి ఉంది. మణికట్టుకు నల్లగాజులు.

మూడేళ్ల మా శిరీషకు దిష్టికని వేసినవి అలాంటివే.

పళ్లెం ఎవరి చేతిలో పెట్టానో తెలియదు. గేటు వైపు కాదు, మేడ మీదికి కాదు, నేరుగా సంపు దగ్గరికే పరుగెత్తాను. మూత తీసే ఉంది. అంచుదాకా నిండిన నీళ్లలో నల్లగాజుల చెయ్యి ఒక్కటే పైకి కనబడింది. పట్టి లాగాను. నీళ్లు కక్కి, గుక్కపట్టి ఏడ్చింది. అంత తియ్యటి ఏడుపు నేను మళ్లీ వినలేదు.

సాయంత్రం అత్తమ్మా నేనూ కుర్చీ ఎక్కి మరీ పటమంతా వెతికాం. చెయ్యి లేదు, గాజులు లేవు. దుకాణంలో ఇంకో నకలుంటే అదీ చూసి వచ్చాం. అందులోనూ లేదు.

శిరీష ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది. మొన్న అన్నం తింటూ, "కంగారుల నీకు గట్ల కనబడ్డది గంతే అమ్మా," అన్నది.

"గప్పటికి కంగారెక్కడిది బిడ్డా? చాయ్ సల్లారుతదనే నా ఫికర్."

ఇంకో ముద్ద పెట్టుకోమని పప్పు గిన్నె దాని వైపు జరిపాను.